ముదిరిన కాయల ఫోటోలు

మా పిన్ని ముప్పై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల ముఖాలు బాగుచేసింది. డాక్టరు కాదు, బ్యూటీ పార్లరూ కాదు. బస్టాండు వెనక సందులో ఉన్న ఫోటో స్టూడియోలో టచింగ్ పని. ముందు గదిలో ఓనరు ఫోటో తీసేవాడు, వెనక గదిలో పిన్ని దాన్ని దిద్దేది. ఫోటో తీయించుకున్నవాళ్లలో చాలామంది ఆమెని చూసైనా ఎరగరు. ఆమెకి మాత్రం వాళ్ల పుట్టుమచ్చలతో సహా తెలుసు. ఎప్పుడైనా బజారులో ఎవరో ఎదురైతే నా చెవిలో, "ఆయన ఎడమ చెంప మీద నేను వారం రోజులు పనిచేశాను" అనేది.

చిన్నప్పుడు బడి వదలగానే నేను ఆ వెనక గదికే పోయేదాన్ని. ఏటవాలు బల్ల, దాని మధ్యలో చదరపు గాజుపలక, పలక కింద వెలుగుని పైకి తిప్పే అద్దం. పిన్ని ఆ పలక మీద నెగటివ్ పెట్టి, సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెడుతూ కూర్చునేది. నెగటివ్‌లో పెన్సిల్ నలుపు పడ్డ చోట కాగితం మీద తెలుపు వస్తుంది. అలా కళ్ల కింద గుంతలు పూడ్చేది, నుదుటి గీతలు చెరిపేది. నేను ఏదైనా అడగబోతే, "ఉండవే, ఈయన ముక్కు మీద ఉన్నాను" అనేది ఊపిరి బిగబట్టి. ఆయన ముక్కు దిగాక జవాబు చెప్పేది.

పోయినవాళ్ల ఫోటోలు ఎక్కువ వచ్చేవి. ఎక్కడో గుంపు ఫోటోలో గోరంత ఉన్న తలకాయని తెచ్చి గోడంత చేయమనేవాళ్లు. "నాన్నగారు కళ్లు మూసుకున్నారమ్మా, కాస్త తెరిపించండి" అనేవాళ్లు. పిన్ని తెరిపించేది. కంప్యూటర్లు వచ్చాక, నలభై దాటిన వయసులో, అదీ నేర్చుకుంది. ముఖంలో బాగున్న చోట నుంచి కాస్త చర్మం తీసి మచ్చ మీద అతికించడం. "ఇన్నాళ్లూ గుంతలు పూడ్చాను, ఇప్పుడు అతుకులేస్తున్నాను. అంతే తేడా" అనేది.

బాబాయి నీళ్ల ఆఫీసులో మీటర్ రీడరు. ఇంటింటికీ తిరిగి, గేటు పక్కన గుంటలోకి వంగి, ఒక కన్ను మూసి అంకె చదివేవాడు. ఎండలో కళ్లు చికిలించీ చికిలించీ కళ్ల కొసల్లో విసనకర్ర మడతల్లా ముడతలు పడ్డాయి. ఒకసారి కుక్క తరిమితే ప్రహరీ దూకబోయి కనుబొమ్మ చీరుకున్నాడు. అక్కడ వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. తెల్లటి గీత ఒకటి మిగిలింది. దాన్ని చూపించి, "ఇది ఆఫీసువాళ్లు ఇచ్చిన ప్రమోషన్" అనేవాడు. వాళ్లకి పిల్లల్లేరు. డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో కూరగాయలు పెంచేవాడు. వంగ, టమాటా, బెండ, చిక్కుడు, ఓ మూల గుమ్మడి తీగ. పిన్నికి ఆ మొక్కలతో పని లేదు. కోసి తెస్తే వండేది.

ఆయన రిటైరయినప్పుడు ఆఫీసువాళ్లు ఫోటో అడిగారు. స్టూడియోలోనే తీశారు. పిన్ని చేతికొచ్చిన ముఖాన్ని ఊరికే వదలదు కదా, సొంత మొగుడి ముఖాన్ని వదులుతుందా? కనుబొమ్మ అతికించింది. కళ్ల కొసల్లో ముడతలు తీసేసింది. పల్చబడ్డ జుట్టు ఒత్తుగా చేసింది. ఇంటికి తెచ్చి చూపిస్తే బాబాయి ఫోటో వంక, ఆమె వంక మార్చి మార్చి చూసి, "ఎవరే ఈ పెళ్లికొడుకు? నేను లేనప్పుడు వచ్చి వెళ్తున్నాడా?" అన్నాడు. ఆ మాట చెప్పి చెప్పి మా ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం.

తర్వాత రెండేళ్లకి స్టూడియో మూతపడింది. ఎవరి ఫోను వాళ్ల చేతిలోనే ఉంటే స్టూడియోకి ఎవరొస్తారు? ఓనరు మంచివాడు. పోతూ పోతూ ఓ పాత డిజిటల్ కెమెరా, ఆ ఏటవాలు బల్ల ఆమెకే ఇచ్చాడు. కంప్యూటర్లు పాత సామాన్లవాడు పట్టుకెళ్లాడు.

ఆమె అరవయ్యో ఏట బాబాయి పోయాడు. పొద్దున్నే చిక్కుడు తీగ కట్టడానికి పురికొస తీసుకుని డాబా ఎక్కాడు. టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచి, మూడోసారి తిట్టుకుంటూ పైకెళ్లింది పిన్ని. ఆయన డబ్బాల మధ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పురికొస చేతిలోనే ఉంది. ఓ ముడి వేశాడు, రెండోది వేయలేదు.

గోడకి పెట్టడానికి ఫోటో కావాల్సి వచ్చింది. ముఖం సరిగ్గా కనబడేది ఆ రిటైర్‌మెంటు ఫోటో ఒక్కటే. పెద్దది చేయించి హాల్లో పెట్టాం. వచ్చినవాళ్లందరూ ఎంత బాగున్నాడో అన్నారు. మూడో రోజు నేను వెళ్లేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది. పిన్ని ఫోటోని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తీసేశావేం పిన్నీ?"

"ఈయన ఎవరో నాకు తెలియదే" అంది. ఏడవడం లేదు. "పొద్దున్నుంచీ చూస్తున్నాను. ఆ గీత ఎక్కడుందో చూపించు. నవ్వితే ఆ కళ్ల పక్కన మడతలు పడేవి, అవి చూపించు. అన్నీ నేనే తీసేశాను. నా చేత్తో నేనే తుడిచేశాను మనిషిని."

అసలు ఫోటో ఏమైందని అడిగాను. స్టూడియోలో కంప్యూటర్‌లో చోటు చాలదని దిద్దినదాన్నే అసలు దాని మీద సేవ్ చేసేవాళ్లట. వేల ముఖాలకి అలాగే చేసింది. ఎవరూ ఎప్పుడూ వెనక్కి వచ్చి అసలు ముఖం కావాలని అడగలేదు.

నా ఫోన్లో వెతికాం. బాబాయి ఫోటోలు పదకొండు దొరికాయి. అన్నీ డాబా మీదవే. ఫోను ఎత్తితే చాలు, "నన్ను కాదు, దీన్ని తియ్యి" అని చేతిలో కాయని ముఖానికి అడ్డం పెట్టేవాడు. అందుకని ప్రతి దాంట్లో కాయ స్పష్టంగా, నీటిచుక్కలతో సహా ఉంది. వెనక ఆయన మసగ్గా ఉన్నాడు. ఒకదాంట్లో గుమ్మడికాయ, దాని పక్క నుంచి ఒక చెవి. పిన్ని ఆ చెవిని పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఆ ఫోటోనే ప్రింటు వేయించమంది. గోడ మీద ఆ మేకుకి అదే తగిలించింది. వచ్చినవాళ్లు గుమ్మడికాయ ఫోటో ఎందుకు పెట్టిందో అర్థంకాక ఊరుకునేవాళ్లు.

మూడు వారాల దాకా ఆమె డాబా ఎక్కలేదు. ఒకరోజు బట్టలు ఆరేయక తప్పక ఎక్కింది. రెండు మూడు వానలు పడ్డట్టున్నాయి, మొక్కలు బతికే ఉన్నాయి. కోసే దిక్కు లేక అన్నీ ముదిరిపోయాయి. బెండకాయలు మోచేతి పొడుగు సాగి కొయ్యబారాయి. వంకాయలు ఊదా రంగు పోయి, ఎండిన తోలులా గోధుమ రంగుకి తిరిగి, ముచ్చిక దగ్గర ముడతలు పడ్డాయి. చిక్కుడుకాయలు లోపల గింజలు ఉబ్బి, పైన తొక్క కాగితంలా అయింది. బట్టల బకెట్ అక్కడే వదిలేసి, ఒక ముసలి వంకాయ కోసి కిందికి తెచ్చింది. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల మీద పెట్టి, పాత కెమెరాతో ఫోటో తీసింది.

తర్వాత జరిగింది ఆమే నాకు చెప్పింది. ఫోటోని నేను ఇచ్చిన పాత కంప్యూటర్‌లో వేసిందట. వంకాయ మీద పురుగు తొలిచిన చిల్లు ఒకటి ఉంది. చూస్తూ చూస్తూ ఉండగానే చెయ్యి దానంతట అదే వెళ్లి, పక్కనుంచి కాస్త తొక్క తీసి ఆ చిల్లు మీద అతికించేసింది. "నేను అనుకోను కూడా లేదే. చెయ్యే చేసేసింది" అంది. వెంటనే చేసినదాన్ని చెరిపేసి, చిల్లుని చిల్లులాగే ఉంచింది. ఇక దేన్నీ ముట్టుకోనని ఆ రోజు అనుకుంది.

అప్పటి నుంచి అదే పని అయిపోయింది. పొద్దున కిటికీలోంచి వెలుగు బల్ల మీదికి వచ్చే గంటసేపు ఎవరు తలుపు కొట్టినా తీసేది కాదు. ఒక టమాటాని నలభై ఒక్క రోజులు, రోజుకొక ఫోటో తీసింది. నిగనిగలాడుతూ మొదలై, మెత్తబడి, ఒక పక్కకి కుంగి, చివరికి తడి మరక అయ్యేదాకా. గుమ్మడిపువ్వు అయితే ఒక్కరోజు పని. తెల్లారి విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి వాడి ముడుచుకుంటుంది. పూటంతా డాబా మీదే కూర్చుని తీసింది. ఎండిన బెండకాయ అయిదు చీలికలుగా విడిపోయి లోపల గింజలు వరసగా కనబడే ఫోటో ఉంది. అది చూస్తే ఇప్పటికీ నాకు ఎవరో పెద్దాయన నోరు తెరిచి ఏదో చెప్పబోతున్నట్టుంటుంది. ప్రతి ఫోటో వెనక తేదీ, ఒక మాట రాసేది. "ఈరోజు తల వంచింది." "రంగు పోయింది, బరువు పోలేదు." "ఈరోజు ఏమీ మారలేదనుకున్నాను. మారింది."

పాడైపోయేవాటిని చూస్తుంటే బాధగా ఉండదా అని ఒకసారి అడిగాను.

"ఆయన పోయిన పద్ధతి నాకు అర్థం కాలేదే. టీ పెట్టే లోపల అయిపోయింది. ఇవైతే నెమ్మదిగా చూపిస్తాయి. రోజుకింత" అంది.

ఎదురింటి టీచరు గారికి మాత్రం ఈ పని నచ్చలేదు. "కుళ్లిపోయినవి ఎందుకండీ? మంచి పువ్వు ఫోటో ఒకటి ఇవ్వండి, పొద్దున్నే అందరికీ పంపుకుంటాను" అంది. పిన్ని ఒక వంగపువ్వు ఫోటో ఇస్తే, దాని మీద ఎర్రక్షరాలతో శుభోదయం అని రాసి ఊరంతా పంపింది. వారం తిరక్కుండా ఇంకోటి అడిగింది. పిన్ని ఈసారి వాడిపోయిన గుమ్మడిపువ్వు ఇచ్చింది. టీచరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని మీద ఏం రాయనండీ? శుభ సాయంత్రం అనా?" అంది. బాబాయి పోయాక పిన్ని పగలబడి నవ్వడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి ఏడాది మా అమ్మకి జబ్బు చేసింది. రొమ్ములో మొదలై ఎముకల దాకా పాకింది. అమ్మ నా దగ్గరే ఉండేది, కానీ ఆస్పత్రి పిన్ని ఇంటికి నాలుగడుగుల దూరం. అందుకని వైద్యం జరిగినన్నాళ్లూ అక్కడే ఉంచాం. అమ్మ పెద్ద బట్టల షాపులో పాతికేళ్లు కౌంటర్లో నిలబడ్డ మనిషి. అద్దం ముందు గంట నిలబడందే గుమ్మం దాటేది కాదు. మోకాళ్ల దాకా జుట్టు. మందులకి ఆ జుట్టు రెండు వారాల్లో రాలిపోయింది. కనుబొమ్మలూ పోయాయి.

పిన్ని ఇంట్లో అడుగుపెట్టి గోడల నిండా ఉన్న ఫోటోలు చూసి అమ్మ అన్న మొదటి మాట, "ఇదేంటే, ఇంటినిండా శవాలు పెట్టుకున్నావు!"

"శవాలు కాదక్కా. గింజకి వచ్చిన కాయలు."

"నాకు తేడా తెలియడం లేదులే. నా మంచం అటు తిప్పు."

మంచం కిటికీ వైపు తిప్పింది పిన్ని. కిటికీలో ఒక గుమ్మడికాయ ఉంది. ఆకుపచ్చ నుంచి పసుపుకి తిరుగుతోంది. దాన్ని రోజూ ఫోటో తీస్తోంది. ఒకరోజు పిన్ని మందులకి వెళ్లొచ్చేసరికి కిటికీలో కాయ లేదు. వంటింట్లోంచి కమ్మటి వాసన వస్తోంది. తలకి గుడ్డ కట్టుకుని అమ్మ పొయ్యి దగ్గర స్టూలు మీద కూర్చుని కలుపుతోంది.

"అక్కా! అది పంతొమ్మిదో రోజు!"

"అందుకే ఇంత రుచిగా ఉంది. కూర్చో, పెడతాను."

పిన్ని కోపంతో ఊగిపోయింది. తర్వాత కూర్చుని తింది. మందుల వల్ల నెలరోజులుగా ముద్ద దిగని అమ్మ ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుంది. పద్దెనిమిదో రోజుతో ఆగిపోయిన ఆ గుమ్మడికాయ కట్ట ఇప్పటికీ ఉంది. చివరి ఫోటో వెనక "అక్క వండేసింది" అని రాసి ఉంది.

నెమ్మదిగా అమ్మకీ అది అలవాటైంది. మెట్లెక్కగలిగిన రోజున డాబా మీదికెళ్లి, "ఈ వంకాయ మూతి బాగుంది, దీన్ని తియ్యి" అని చెప్పేది. షాపులో బట్టలు ఎంచినట్టే కాయల్ని ఎంచేది. పిన్ని ఆమె మాట వినేది కూడా.

ఒకనాటి పొద్దున అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని, "నాకో ఫోటో తియ్యవే" అంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. "గోడకి పెట్టుకోవడానికి. తీసి, నలభై ఏళ్లప్పుడు ఎలా ఉండేదాన్నో అలా చెయ్యి. జుట్టుతో సహా."

"తీస్తాను. దిద్దను" అంది పిన్ని.

"ఏం?"

"మానేశాను."

"ఊళ్లోవాళ్లందరికీ ముప్పై నాలుగేళ్లు చేశావు. నాకు చెయ్యవా?"

"నువ్వు ఇలాగే బాగున్నావక్కా."

అమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. "బాగున్నానా? ఇది ఎవరి ముఖం, నీదా నాదా? నీ వంకాయలు నోరెత్తవు కాబట్టి వాటితో సరిపోయింది. నాకు నోరుంది."

అప్పుడు పిన్ని బాబాయి ఫోటో సంగతి చెప్పింది. అది ఎందుకు దించేసిందో అమ్మకి అప్పటిదాకా తెలియదు. గీత ఎలా తుడిచేసిందీ, ముడతలు ఎలా తీసేసిందీ, మూడు రోజులు ఆ కొత్త ముఖాన్ని చూడలేక ఎలా దించేసిందీ, అంతా చెప్పి, "నిన్ను కూడా అలా పోగొట్టుకోలేను" అంది.

అమ్మ మామూలు గొంతుతో, "ఆయన్ని నువ్వు అడిగావా?" అంది.

"ఏమని?"

"తుడవనా అని."

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"ఆయన్ని అడక్కుండా తుడిచావు. నేను అడిగి మరీ తుడిపించుకుంటున్నాను. రెండూ ఒకటెలా అవుతాయే? ఈ ముఖం నాకు ఆరు నెలల నుంచి తెలుసు. ఆ ముఖం యాభై ఏళ్లు నాతో ఉంది. పోయేటప్పుడు నా ముఖం నాకు ఇవ్వకపోతే ఎలా?"

పిన్ని లేచి బయటికెళ్లి కాసేపు డాబా మీద తిరిగొచ్చింది. వచ్చి, "అసలు ఫోటో నేను ఉంచుకుంటాను. అలాగైతే చేస్తాను" అంది.

"ఉంచుకో. నాకు మాత్రం చూపించకు."

కిటికీ దగ్గర కుర్చీ వేశాం. అమ్మ కూర్చుని తలకి కట్టుకున్న గుడ్డ తనే విప్పి ఒళ్లో పెట్టుకుంది. నేను వద్దనబోయాను. "గుడ్డ మీద జుట్టు మొలిపించలేదు కదే మీ పిన్ని. పని సులువు చెయ్యాలి" అంది నాతో. పిన్ని పెద్దగా ఆలోచించకుండా, ఆరేడు ఫోటోలు తీసింది. ఆ గంటసేపూ ఇద్దరూ కసురుకుంటూనే ఉన్నారు.

దిద్దడానికి నాలుగు రోజులు పట్టింది. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని, "ఆ మెడ దగ్గర కాస్త లాగు, మరీ లాగకు" అని చెబుతూనే ఉంది. జుట్టు ఎక్కడినుంచో తెచ్చి అతికించలేదు పిన్ని. ఒక్కో వెంట్రుకా గీసింది. చిన్నప్పుడు రోజూ పొద్దున ఒకరికొకరు జడలు వేసుకునేవాళ్లట. ఎడమ చెవి వెనక ఒక పాయ ఎప్పుడూ జడలోకి రాకుండా తప్పించుకునేదట. అది కూడా గీసింది. అది చూసి అమ్మ, "దొంగదానా, గుర్తుందా నీకు!" అని ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది.

అంతా అయ్యాక కళ్లజోడు పెట్టుకుని చూసుకుంది. "ఎవరో గానీ నాకంటే బాగుంది. ఈవిడనే ఎక్కించండి గోడకి" అంది. ఆ సాయంత్రం టీచరు గారిని పిలిపించి మరీ చూపించుకుంది.

అయిదు నెలల తర్వాత అమ్మ ఆస్పత్రిలో పోయింది. పిన్నీ నేనూ చెరో పక్కన ఉన్నాం. బాబాయిలా కాదు, నెమ్మదిగా, మేం చూస్తుండగా, రోజుకింత. ఆఖరి వారం పిన్ని కెమెరా పట్టుకెళ్లలేదు. ఎందుకని నేను అడగలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది, చేతులు ఖాళీ లేవు.

మా ఇంట్లో గోడ మీద ఇప్పుడు ఆ జుట్టున్న అమ్మే ఉంది. చూసినవాళ్లు, "మీ అమ్మగారు ఎంత అందగత్తె!" అంటారు. అవునంటాను. ఏడాది తర్వాత ఒకరోజు పిన్ని దగ్గరికెళ్లి అసలు ఫోటో అడిగాను. బీరువాలోంచి కవరు తీసి ఇచ్చింది. బోడితల, కనుబొమ్మల్లేని ముఖం, ఒళ్లో గుడ్డ. నోరు కాస్త తెరుచుకుని ఉంది. అమ్మ ఏదో తిట్టబోతోంది. ఏం తిట్టబోయిందో మాకిద్దరికీ గుర్తులేదు. ఆ కవరు నా దగ్గరే ఉంది. గోడ మీది అమ్మని చూస్తే గర్వంగా ఉంటుంది. కవర్లోని అమ్మని చూస్తే గొంతు వినిపిస్తుంది. ఏది అమ్మ అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను.

పిన్నికి ఇప్పుడు అరవై ఆరు. రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. రంగులు ఇంత గట్టిగా ఉంటాయని మర్చిపోయానంటుంది. ఈ ఏడాది డాబా గోడ వారగా శంఖుపూల తీగ పెట్టింది. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి ఎండిన శంఖుపూల కాయ ఒకదాని ముందు కెమెరా పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ఎండ ముదిరితే కాయ దానంతట అదే మెలి తిరిగి పగులుతుందట. ఆ క్షణం పట్టుకోవాలని మూడు రోజులుగా చూస్తోంది.

"టీ తాగావా పిన్నీ?" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. తిరిగిందో లేదో వెనక చిటిక్కుమంది. మళ్లీ అటు చూసేసరికి కాయ రెండు సుళ్లుగా విడిపోయి వేలాడుతోంది, గింజలు లేవు.

నేను నాలిక కరుచుకున్నాను. "అయ్యో, నావల్లే పోయింది."

"పోనీలే. నేను తీయలేదని ఆగలేదు కదా, పగలాల్సింది పగిలింది" అని నవ్వి, పీట మీంచి మోకాళ్లు పట్టుకుని లేచింది. ఇద్దరం నేల మీద వంగి గింజలు వెతికాం. నాలుగు దొరికాయి. మిగతావి ఏ డబ్బాలో పడ్డాయో కనబడలేదు. ఆ నాలుగూ నా అరచేతిలో పోసి, మీ పెరట్లో గోడ ఖాళీగానే ఉంది కదా, పెట్టుకో అంది.